స్విచ్ బోర్డులో మిగిలిన ఒండ్రు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మొన్నటి వరదలో గోదావరి మా బూర్గంపాడు ఇంట్లోకి నడుమెత్తు వచ్చింది, రెండు రోజులుండి పోతూ పోతూ వెనక గోడను పడగొట్టింది. నేను బట్టలు కుట్టి బతికే విధవరాలిని, నా భర్త బొగ్గు గనిలో కష్టపడి కట్టించిన ఆ ఇల్లు తప్ప నాకు వేరే నీడ లేదు.

నాకొక పాత రోగం ఉంది, దాని పేరు నామోషీ. ఆదివారం సంఘస్థులు ప్రార్థనకు వస్తారు, బురద గోడలు వాళ్ల కంట పడకూడదని, నిలిచి ఉన్న మూడు గోడలనూ గీకి, కడిగి, సున్నం కొట్టేశాను! వెనక మాత్రం టార్పాలిన్ పట్టా. పైన పటారం లోన లొటారం అంటే నేనే.

సోమవారం పొద్దున ఇంటి బీమా సర్వేయరు ఫోన్ చేశారు. "మీ వీధిలో సగం ఇళ్లకే నీళ్లొచ్చాయమ్మా. పాతబడి కూలిన గోడకు బీమా రాదు, వరదకే కూలిందని తెలియాలి. గోడల మీద నీటి గీత చూస్తాను, మధ్యాహ్నం వస్తాను" అన్నారు. ఆ గీతను నా చేతులతో నేనే తుడిచేసుకున్నాను!

తాపీ పని చేసే మా తమ్ముడు మెల్లగా అన్నాడు: "అక్కా, గింత ఒండ్రు కలిపి గీత గీస్తే అయిపాయె. నీళ్లొచ్చింది నిజమే గదా, సారుకేం ఎరుక?"

నిజమే కదా అని నాకూ అనిపించింది. ఒండ్రు కలిపాను, గుడ్డ ముంచాను, గోడ దగ్గరికి వెళ్లాను, గీత మాత్రం గీయలేకపోయాను. "ప్రభువా, నామోషీకి సున్నం కొట్టిన, ఇప్పుడు భయానికి బురద పూస్తున్న. ఇల్లు పోయినా సరే, నన్ను గిట్ల ఉండనియ్యకు" అని అక్కడే కూలబడి ఏడ్చాను.

సర్వేయరు రాగానే ఉన్నదంతా చెప్పేశాను. ఆయన సున్నం కొట్టిన గోడలన్నీ కలయజూశారు. చివరికి, "స్విచ్ బోర్డులు కూడా కడిగారా?" అన్నారు.

"లేదు సారూ, నాకు కరెంటంటే భయం."

మెయిన్ ఆపి, కింది బోర్డు మూత విప్పారు. లోపలి నుంచి ఎండిన ఒండ్రు జలజలా రాలింది! "నీళ్లొచ్చాయనడానికి ఈ రుజువు చాలమ్మా" అన్నారు. దేవునికే మహిమ, ఆయన నా పిరికితనాన్ని కూడా వాడుకున్నాడు!

ఆ పాలసీ గోడలకు, కప్పుకు, తలుపులకు, గోడలోని వైరింగుకే గాని ఇంట్లో సామానుకు కాదట. అందుకే గోడ లేచింది గాని, తడిసి పాడైన కుట్టు మిషను తిరిగి రాలేదు. కిరాయి మిషను మీద కుడుతున్నాను. సాక్ష్యం నిండుగా కనబడాలని ఆ మాట దాచి ఉండేదాన్ని, పాత నేనైతే.

మీలో ఎవరైనా, అంతా బాగుచేసుకున్నాక దేవుణ్ణి పిలుద్దామని ఆగి ఉంటే, ఆగకండి. కూలిన గోడతోనే పిలవండి. ఆయన చూడ్డానికి వచ్చేది దాన్నే.