పదకొండో వరస

సిగ్నల్ ఎక్కడ చచ్చిపోతుందో చెప్పడానికి ఇతనికి యంత్రం అక్కర్లేదనేవాళ్లు తోటివాళ్లు. గదిలోకి అడుగుపెట్టి, గోడ మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, "దీని వెనక నీళ్ల ట్యాంకుంది, వైఫై పెట్టె ఇక్కడొద్దు" అనేవాడు. ల్యాప్‌టాప్ తెరిచి కొలిస్తే అదే నిజమయ్యేది. వైఫైకి నీళ్లంటే పడదు. గోడనైనా ఎలాగో దాటుతుంది గాని నీళ్ల దగ్గర చతికిలబడుతుంది. ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాడు వాళ్ల కంపెనీలో లేడు. అందుకే, తెలియక చేశానని తర్వాత తనకు తాను చెప్పుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

పని నేర్చుకునే రోజుల్లో అక్క ఇంట్లోనే ఉండేవాడు. కేబుల్లోని ఎనిమిది తీగల్ని రంగుల వరసలో పేర్చి, క్లిప్పులో దూర్చి, పట్టకారుతో నొక్కడం సాధన చేస్తుంటే, అక్క పక్కన కూర్చుని తీగల మెలికలు విప్పి ఇచ్చేది. "చిక్కులు తియ్యడం నాకు కొత్తేంట్రా, ముప్పై ఏళ్లుగా తల దువ్వుకుంటున్నా" అని నవ్వేది. రంగుల వరస అతనికంటే ముందు ఆవిడకే నోటికొచ్చింది.

ఆ అక్కకి గోడౌన్లో ఉద్యోగం చూసిపెట్టింది అతనే. అక్కడ వైఫై బిగించిందీ అతనే. అరల మధ్య తిరుగుతూ సరుకు ఏరే ఆడవాళ్ల చేతుల్లో ఒక్కో స్కానర్ గన్ ఉంటుంది. బార్‌కోడ్ మీద పెడితే కుయ్‌మంటుంది. ఆ కుయ్‌మన్నది వైఫై మీదుగా ఆఫీసుకి చేరితేనే పని జరిగినట్టు. మూడు నిమిషాలు ఏమీ చేరకపోతే మనిషి ఖాళీగా కూర్చున్నట్టు అక్కడి కంప్యూటర్ దానంతటదే రాసుకుంటుంది. అలాంటివి పోగైతే మెమో. మూడో మెమోతో ఇంటికి.

అక్కకి అప్పటికి రెండొచ్చాయి.

"పదకొండో వరసలోకి వెళ్తే చాలు, గన్ చచ్చిపోతోందిరా" అంది అతనికి అన్నం వడ్డిస్తూ. "నేను పిచ్చిదాన్లా దాన్ని నెత్తిమీదికెత్తి పట్టుకుని తిరుగుతున్నా. అవతల వాళ్లు ఒకటే నవ్వు, ఇంజనీరుగారి అక్కగారికే సిగ్నల్ అందట్లేదంట అని."

"ఆ వరసలో ఏం పెట్టారు?"

"మంచినీళ్ల సీసాలు. నేల నుంచి కప్పు దాకా."



తను కొలిచిన రోజున ఆ అరలన్నీ ఖాళీ. సరుకు దిగాక మళ్లీ కొలవాలన్నది రూలు. అవతల ఇంకో చోట పని తరుముతోందని, ఖాళీ గోడౌన్లో తీసిన, సిగ్నల్ అంతటా బాగుందని చూపే పచ్చటి మ్యాపు కిందే 'సరుకు నిండాక కొలిచాను' అని రాసి సంతకం పెట్టి పంపేశాడు. అది బయటపడితే పోయేది అతని ఉద్యోగం.

"మూడో మెమో రాసేముందు సోమవారం పొద్దున నన్ను రమ్మన్నాడు మేనేజరు. నువ్వొచ్చి నీ మిషన్ పెట్టి చూపించు, చాలు. నోరు నేను చేసుకుంటాలే."

"చూద్దాంలే అక్కా."

"చూద్దాం ఏంట్రా? పనిదొంగనని రాసి పంపిస్తే ఇంకెవడు పెట్టుకుంటాడు నన్ను?"

"వస్తాన్లే! తిననీ."

ఆదివారం గోడౌనుకి సెలవు. మామూలు చెకింగే అని వాచ్‌మన్‌తో చెప్పి లోపలికెళ్లాడు. పదకొండో వరస నడిమధ్యన నిలబడి కొలిచాడు. మైనస్ ఎనభై ఏడు. ఆ అంకె సున్నాకి ఎంత దూరం జరిగితే అంత చెడ్డ. ఎనభై దాటితే గన్ బతకదు. అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఆ అంకెని ఒక్క ఫొటో తీస్తే చాలు, అక్క బయటపడుతుంది. ఫోను బయటికి తీశాడు. కాసేపు పట్టుకున్నాడు. మళ్లీ జేబులో పడేశాడు.

నిచ్చెన తెచ్చి, వరస చివరి స్తంభానికి బల్లపరుపు యాంటెన్నా ఒకటి బిగించాడు, సీసాల మధ్య సందులోకి సూటిగా చూసేలా. కేబుల్ని జానెడుకో ప్లాస్టిక్ టై వేసి కట్టి, మిగిలిన తోకల్ని ఏటవాలుగా కత్తిరించాడు. కొలిచాడు. మైనస్ యాభై రెండు.

రేపట్నించి అక్క గన్ ఆగదు, నా సంతకం జోలికి ఎవరూ రారు, ఇద్దరం ఒడ్డున పడ్డాం అనుకున్నాడు. పాత మెమోల సంగతి మరిచాడా అంటే మరవలేదు. అక్కడిదాకా ఆలోచించకుండా జాగ్రత్తపడ్డాడు.

సోమవారం మేనేజరు అందరినీ పదకొండో వరసలోనే నిలబెట్టాడు. "మీరే కొలవండి ఇంజనీరుగారూ. మీ మాటైతే ఆవిడా కాదనదు."

అతను కొలిచాడు.

"పైకి చదవండి."

"మైనస్... యాభై రెండు."

"అంటే?"

"బాగుంది."

మేనేజరు గన్ తీసి అక్క చేతిలో పెట్టాడు. "కానియ్యమ్మా." ఆవిడ ఈ చివర్నించి ఆ చివరిదాకా నడిచింది. పెట్టిన ప్రతి సీసాకీ కుయ్, కుయ్, కుయ్. "దానికి ఇవాళే బుద్ధొచ్చినట్టుందే!" అన్నారెవరో వెనక. అందరూ కిసుక్కుమన్నారు.

స్తంభం దగ్గర అక్క ఆగింది. వంగి నేల మీదనుంచి ఏదో తీసింది. ఏటవాలుగా తెగిన తెల్లటి టై ముక్క. తలెత్తి పైకి చూసింది. తమ్ముడి వైపు తిరిగింది.

"ఇదెప్పుడు పెట్టావురా?" ఇంట్లో అడిగినట్టే, మెల్లగా అడిగింది.

మేనేజరూ అతని వైపు చూశాడు.

"మొదట్నించీ ఉందక్కా."

ఆవిడ గన్‌ని మేనేజరుకి కాదు, తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. తెల్ల ముక్కని మాత్రం పిడికిట్లోనే ఉంచుకుంది. మూడో మెమో కింద పరీక్షించినవాడి సంతకం కావాలన్నారు. పెట్టాడు.

సాయంత్రం అక్క ఇంటికెళ్లాడు, ఏం చెప్పాలో దారి పొడవునా కూడబలుక్కుంటూ. గేటు దగ్గరికి రాగానే అతని ఫోను దానంతటదే ఆ ఇంటి వైఫైని అందుకునేది. పెట్టె బిగించిందీ, పాస్‌వర్డ్ మార్చడం అక్కకి నేర్పిందీ అతనే.

ఇవాళ ఫోను పాస్‌వర్డ్ అడిగింది. తనకు తెలిసింది కొట్టాడు. తప్పంది. సిగ్నల్ గీతలు మాత్రం నాలుగూ నిండుగా ఉన్నాయి.