కణం విడిపోతున్నప్పుడు

మోతీనగర్‌లో మా పక్కింటి అక్క సినిమాల్లో అసోసియేట్ డైరెక్టర్. నేను ల్యాబ్‌లో కణవిభజన మీద పరిశోధన చేస్తానని ఆమెకు తెలుసు. "మా హీరోయిన్‌ది నీలాంటి పాత్రే. జర వచ్చి ఒక్క సీను చూసిపో" అని ఫిల్మ్ నగర్‌లోని ఆఫీసుకు తీసుకుపోయింది.

అక్కడ కుదురుగా కూర్చోలేకపోయాను. నెలల తరబడి నా ప్రయోగం తేలడం లేదు. మాటిమాటికీ ఫోన్ తీసి ముందు రోజు తీసిన కణాల ఫొటోలు చూసుకుంటున్నాను.

దర్శకుడు డైలాగ్ చదివాడు. "కణం రెండుగా చీలే క్షణాన జన్యువులన్నీ ఒక్కసారిగా గర్జిస్తాయి!"

"గట్ల కాదు సార్," అన్నాను. "అప్పుడు దాదాపు అన్నీ ఊకుంటయి."

"ఊరుకుంటే సీనేముందండీ?"

విడిపోయే ముందు డీఎన్ఏ దారం గట్టిగా చుట్టుకుపోతుందనీ, జన్యువులను చదివే యంత్రాంగం చాలావరకు ఆగిపోతుందనీ, పిల్లకణాల్లో అది మళ్లీ మొదలవుతుందనీ చెప్పాను.

హీరోయిన్ ముందుకు వంగింది. "మరి తను కాలేయ కణాన్నని దానికెలా గుర్తుంటుందండీ?"

"కొన్ని ప్రొటీన్లు డీఎన్ఏను వదలకుండ గుర్తుల లెక్క ఉంటయంటరు మేడమ్. నేను చూసే ప్రొటీన్ మాత్రం వదిలేసినట్టే కనిపిస్తున్నది."

"మీరు చూసేటప్పుడు ఆ కణాలు బతికే ఉంటాయా?"

"లేదు. మందు పోసి, కదలకుండ చేసి చూస్తం."

చెబుతుండగానే ఫోన్‌లోని ఫొటోలు గుర్తొచ్చాయి; అవన్నీ మందు పోసిన కణాలవే. ఆ మందే ప్రొటీన్‌ను కనబడకుండా చేస్తుందేమోనన్న అనుమానం నాకు ముందే ఉండేది. అందరూ అలాగే చేస్తారు కదా అని పక్కన పెట్టాను. టీ వచ్చేలోపే లేచి ఆటో ఎక్కాను. చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని మా మేడమ్‌కు ఫోన్ చేశాను. ల్యాబ్ పెద్ద ఆమే.

"బతికున్న కణాల్లో చూస్తా మేడమ్. అందుకు పనికొచ్చే మైక్రోస్కోప్ నాకివ్వండి."

"వారం ఆగలేవా?"

"ఆగలేను."

మైక్రోస్కోప్ దొరికేదాకా తిన్నది ఒంటబట్టలేదు. దొరికిన రోజు, మెరిసే రంగు తగిలించిన ప్రొటీన్ తెర మీద కనిపించింది. క్రోమోజోములు రెండు వైపులకూ జరిగాయి. మెరుపు వాటిని వదల్లేదు. కుర్చీలోంచి లేచి మేడమ్‌ను కేకేశాను.

ఆమె చాలాసేపు చూసింది. "ఉంది, నిజమే. కానీ పిల్లకణంలో జన్యువులను మళ్లీ పనిచేయించేది ఇదేనా?"

తెలియదు. విభజన వేళ ఆ ప్రొటీన్‌ను తీసేసి చూడాలి. సినిమాలో ఆ సీను ఎడిటింగ్‌లో పోయిందని అక్క చెప్పినప్పుడు, నేను ఆ పనిలోనే ఉన్నాను.