మాణిక్యమ్మ తెచ్చిన చేదబాయి

ఇబ్రహీంపట్నం అనగానే అందరూ చెరువు గురించే మాట్లాడతారు. ఎవరు తవ్వించారు, ఎప్పుడు అలుగు పారింది, ఎన్ని ఊళ్లకు నీళ్లిచ్చింది. మాట్లాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మా బెస్తవాడలో ఒక చేదబాయి ఉంది. దాని గురించి ఒక్కడంటే ఒక్కడు రెండు ముక్కలు రాసిన పాపాన పోలేదు. దాన్ని తెచ్చింది మా పెద్దమ్మ మాణిక్యమ్మ. అందుకే నేనే కూర్చున్నాను రాయడానికి. నేను పుట్టకముందు సంగతి ఇది. పెద్దమ్మ చెప్పగా, ఆమె చెల్లెలు, అంటే మా అమ్మ అనంతమ్మ చెప్పగా, ఇద్దరూ నడుమ నడుమ కొట్లాడుకుంటుండగా విన్నదే.

పెద్దమ్మ చేపలమ్మేది. తలమీద గంప పెట్టుకుని రావిర్యాల, తుక్కుగూడ, యాచారం అన్నీ కాలినడకనే తిరిగేది. పట్నం మార్కెట్‌కు పోయి పోయి ఉర్దూ గడగడా మాట్లాడేది. నోరా, అబ్బో! చెరువు ఈ ఒడ్డున అరిస్తే ఆ ఒడ్డున వలలు వేసేవాళ్లు తలెత్తేవాళ్లు.

పోలీసు యాక్షన్ అయిపోయిన ఆ చలికాలంలో, సముద్రం అవతల దేశం నుంచి కొందరు వాలంటీర్లు హైదరాబాదులో దిగారు. జీతాలు లేవు, భత్యాలు లేవు, పల్లెల్లో ఆరోగ్యం పనులు చేస్తామని వచ్చారు. ఆ దేశం పేరు పెద్దమ్మకు చివరిదాకా నోరు తిరగలేదు. వాళ్ల సంఘం ఊళ్లకు గ్రాంట్లు ఇచ్చేది. గ్రాంటంటే చేతిలో పైసలు కాదు. ఒక ఊరికి మందుల పెట్టె, ఇంకో ఊరికి మంత్రసానులకు సామాను, మరో ఊరికి సిమెంటు, ఇనుము. మరి ఏ ఊరికి ఏది కావాలో కనుక్కోవాలి, అడిగి తేవాలి, తెచ్చింది ఎవడింట్లోనో మాయం కాకుండా చూడాలి. ఈ పనికి మనిషి కావాలి కదా! వాళ్ల నర్సు పేరు ఎల్సా. మావాళ్లు ఎల్సమ్మను చేశారు. ఆమె మార్కెట్లో చేపలు కొనబోయి, బేరం దగ్గర పెద్దమ్మతో పెద్ద గొడవ పెట్టుకుని, గొడవ అయ్యాక వచ్చీరాని ఉర్దూలో "నువ్వు మాకు కావాలి" అందట.

ఇక చూడండి పెద్దమ్మ హుషారు! గంప ఒకటే, అందులో చేపలతోపాటు ఊళ్ల కబుర్లు. ఒక ఊళ్లో పెద్దమనిషి మందుల పెట్టెను తన అటక మీద పెట్టించుకుని తాళం వేశాడు. పెద్దమ్మ ఆయన గుమ్మంలో గంప దించి కూర్చుంది.

"లేవే, చేపలు మురుగుతున్నయ్" అన్నాడాయన.

"మురగనీ పటేలా. నాకేం తొందర లేదు. పెట్టె దిగినంక నేను లేస్త."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆ ఇంటి ఆడవాళ్లే ముక్కులు మూసుకుని పెట్టె దించి బయట పెట్టారు.

ఇంత చేసే మనిషికి ఇంట్లో మాత్రం గుండె మీద కుంపటి. అది మా అమ్మ కాలు. అప్పుడు మా వాడకు ఉన్నది మెట్ల బాయి. మెట్లు దిగి, నీళ్లలో కాళ్లు పెట్టి కుండ ముంచుకోవాలి. నారికురుపు అక్కడి నుంచే. పుండున్న కాలు నీళ్లలో పెడితే పురుగు పిల్లలు నీళ్లలోకి, ఆ నీళ్లు తాగినవాళ్ల కడుపులోకి, ఏడాది తిరిగాక తెల్లటి దారంలా కాలు చీల్చుకుని బయటికి. దాన్ని సన్నపుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. నడుమ తెగిందో, కాలు వాచి చీము పట్టి మనిషి మంచానికి అతుక్కోవాల్సిందే. మా అమ్మకు వరుసగా మూడు ఎండాకాలాలు వచ్చింది. మూడోసారి తెగింది. ఇంకొక్కసారి వచ్చి ఇట్లా తెగితే మోకాలు పట్టేస్తుంది, ఇక ఈ పిల్ల నడవదు అని ఎల్సమ్మ మొహం మీదే చెప్పింది. మెట్లు పీకేసి, చుట్టూ గోడ కట్టి, గిరక వేసి చేదబాయిగా మార్చడం ఒక్కటే దారి అని కూడా చెప్పింది.

అయితే ఆ ఎండాకాలానికి ఒక్క బాయికే గ్రాంటు మిగిలింది. యాచారంలో ఒక వాడ అడుగుతోంది, మేమూ అడుగుతున్నాం. సంఘం వాళ్ల షరతులు రెండు. రోగులను కళ్లతో చూడాలి. సిమెంటు, ఇనుము మాత్రమే వాళ్లవి, రెక్కల కష్టం ఊరివాళ్లది. పెద్దమ్మ తలుచుకుంటే యాచారం సంగతి ఎత్తకుండా ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "రెండు తావులా చూడు ఎల్సమ్మా, చూసినంకనే ఇయ్యి" అని తనే వెంట పోయింది. పోయేముందు మా వాడ పెద్ద కాశయ్య తాతకు పదిసార్లు చెప్పింది, కురుపులున్నోళ్లందరినీ బాయికాడ కూర్చోబెట్టు, మగవాళ్లెవరూ చెరువు మీదికి పోవద్దు అని.

కాశయ్య తాత తలూపాడు. ఊపి ఏం చేశాడు? ఇంటికి దేశంకాని దేశం నుంచి అతిథి వస్తుంటే కుంటివాళ్లను ముందు కూర్చోబెట్టి స్వాగతం చెబుతామా, ఇజ్జత్ పోదా, అన్నాడు. రోగులందరినీ వెనక కొట్టాల్లోకి తోలాడు. బాయి మెట్లకు తెల్లగా సున్నం కొట్టించి, పసుపు కుంకుమ పెట్టించి, మామిడాకులు కట్టించాడు. కండలు తిరిగిన మగవాళ్లను ఏరి ఏరి వరసగా నిలబెట్టాడు. డప్పు కూడా పిలిపించాడు మహానుభావుడు!

ఇక్కడ పెద్దమ్మ చేసిన ఘనకార్యం చెప్పాలి. ఎల్సమ్మ ఎప్పుడూ సవారి బండిలో వచ్చేది. ఆ రోజు యాచారంలో పని అయ్యేసరికి ఎద్దు కుంటడం మొదలుపెట్టింది. పట్నం నుంచి సంఘం వాళ్లు ఎక్కడిదో జీపు అడిగి పంపారు. జీపు! పెద్దమ్మ జన్మలో ఎక్కలేదు. ఎక్కింది. గాలి కొడుతోంది, కొంగు ఎగురుతోంది, ముళ్లకంపలు వెనక్కి పరిగెత్తుతున్నాయి. ఆ సంబరంలో ఒక్క సంగతి మరిచిపోయింది. రెండుమూడేళ్లుగా మా ఊళ్లలో మోటారు చప్పుడు వినిపిస్తే జనం ఏం చేస్తారో మరిచిపోయింది. మొదట రజాకార్లు అట్లాగే వచ్చారు. తర్వాత సంఘపోళ్లను, అంటే కమ్యూనిస్టులను వెతుక్కుంటూ మిలిటరీ అట్లాగే వచ్చింది. చప్పుడు వింటే ఎవరు, ఏమిటి అని అడిగేది లేదు, కాళ్లకు పని చెప్పడమే.

వాడ మలుపు తిరగగానే పెద్దమ్మ జీపులో లేచి నిలబడింది. రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ, "వచ్చినం! వచ్చినం!" అని కేకలు వేసింది.

చూసేవాళ్లకు ఏం కనిపించింది? జీపు, దాంట్లో చేతులు పైకెత్తిన మాణిక్యమ్మ.

"మాణిక్యమ్మను పట్కొచ్చిన్రు! ఉరుకుండ్రి!"

అంతే! డప్పు కింద పడింది. వరసలో నిలబడిన మగవాళ్లు, దండలు పట్టుకున్న ఆడవాళ్లు, పిల్లలు, అందరూ చెరువు వైపు ఒకటే ఉరుకుడు. కాశయ్య తాత అందరికన్నా ముందు. ధబాధబా నీళ్లలో దూకిన చప్పుడు జీపు దాకా వినిపించింది.

జీపు సున్నం కొట్టిన బాయి దగ్గర ఆగింది. వాడ ఖాళీ. అప్పుడు కొట్టాల తడకలు కదిలాయి. అరుపులు విని తామూ పారిపోదామని రోగులు బయటికి వస్తున్నారు. గోడలు పట్టుకుని ఒకరు, కర్ర పట్టుకుని ఒకరు, కూర్చుని జరుగుతూ ఒకరు. పోశమ్మ అనే ముసలామె వాకిలి దాటలేక అక్కడే బోర్లా పడుకుని తల మీద చేతులు పెట్టుకుంది. ఎల్సమ్మ గుడ్లప్పగించి చూసింది. మిగిలినవాళ్లంతా ఉరకలేనివాళ్లు, ఉరకలేనివాళ్లంతా నారికురుపు వాళ్లు. ఇంకేం రుజువు కావాలి!

వాళ్లలో ఒకే ఒక్క మనిషి చెరువు వైపు కాకుండా జీపు వైపు పాకుతూ వస్తోంది. మా అమ్మ. కాలికి కట్టిన గుడ్డ మట్టిలో ఈడ్చుకుపోతోంది.

"అక్కా, నిన్ను కొట్టిన్రా? ఏం చేసిన్రే నిన్ను?" అంటోంది ఏడుస్తూ.

పెద్దమ్మ ఎవరి ముందూ ఏడ్చిన మనిషి కాదు. ఆ రోజు జీపులోంచి దూకి చెల్లెల్ని పట్టుకుని భోరుమంది. "నన్నెవలు కొడతరే పిచ్చిదానా! నీకు నీళ్లు తెద్దామని వచ్చిన" అంది.

ఎల్సమ్మ కళ్లు తుడుచుకుంది కానీ తల అడ్డంగా ఊపింది. "రోగులను చూశాను. పనిచేసే వాళ్లేరీ? మమ్మల్ని చూస్తేనే పారిపోయే ఊళ్లో బాయి ఎట్లా కట్టేది? యాచారంలో మగవాళ్లు పారలు పట్టుకుని నిలబడ్డారు" అంది.

పెద్దమ్మ అక్కడ ఆగలేదు. ఒక్క పరుగున కట్ట ఎక్కింది. తామర ఆకుల నడుమ తలలు తేలుతున్నాయి.

"కాశయ్య తాతా! బైటికి రా! మనోళ్లే, దవాఖాన ఆమె!"

"నిన్ను ముంగట వెట్టి మమ్మల్ని పట్టుకుంటరు బిడ్డా. మాకు ఎరుకే" అని నీళ్లలోంచే జవాబిచ్చాడు తాత.

"నీ నోట్ల మన్నువడ! నేను గట్ల చేసే మనిషినా?"

తిట్టింది, బతిమాలింది, మళ్లీ తిట్టింది. ఒక్క తల కదల్లేదు. అప్పుడు వెనక్కి వచ్చి ఎల్సమ్మ చేయి పట్టుకుంది. "జీపును పంపెయ్యి. నువ్వొక్కదానివే ఉండు" అంది. డ్రైవర్ ఒప్పుకోలేదు, ఇది మంచి ఊరు కాదమ్మా అన్నాడు. ఎల్సమ్మ పెద్దమ్మ మొహం చూసింది, పాకుతూ వచ్చిన మా అమ్మను చూసింది. సంచీ కిందికి దించుకుని, పొమ్మని డ్రైవర్‌కు చేత్తో చూపింది. జీపు పోయింది. చప్పుడు మలుపు దాటింది, ఊరు దాటింది. ఎల్సమ్మ చెరువుగట్టు మీద అందరికీ కనిపించేటట్టు నేల మీద కూర్చుని, మా అమ్మ కాలు ఒళ్లో పెట్టుకుని కడగడం మొదలుపెట్టింది.

ముందు ఒక తల లేచింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి కాశయ్య తాత నీళ్లు కారుతున్న రుమాలు తలకు సరిగ్గా చుట్టుకుంటూ కట్ట ఎక్కి వచ్చాడు. ఏమీ జరగనట్టు, "రాండ్రి బిడ్డా, గిట్ల నీడకు కూసోండ్రి" అన్నాడు పెద్దరికంగా. పెద్దమ్మకు ఒళ్లు మండిపోయింది.

"కూసునుడు తర్వాత! గడ్డపార ఏది?"

తడిబట్టలతోనే మొదలుపెట్టారండీ! పొద్దున సున్నం కొట్టిన మెట్లను సాయంత్రానికి పీకి పారేశారు. మొదటి పోటు కాశయ్య తాతదే. గ్రాంటు మాకు వచ్చింది. యాచారానికి మరుసటి ఏడు పెద్దమ్మ పోట్లాడి తెచ్చిపెట్టింది. గోడ లేచి, గిరక కిర్రుమని, మొదటి చేద పైకి వచ్చిన రోజున పెద్దమ్మ ఆ నీళ్లు ముందు మా అమ్మ కాళ్ల మీద పోసింది.

కథ అక్కడ అయిపోతే బాగుండేది. మరుసటి ఎండాకాలం నారికురుపు మళ్లీ వచ్చింది! పాత నీళ్లతో కడుపులో పడ్డ పురుగు ఏడాదికి బయటపడుతుందని ఎల్సమ్మ ముందే చెప్పింది, పెద్దమ్మ ఇంటింటికీ చెప్పింది. ఎవరు వింటారు? "మెట్లు పీకిచ్చినవ్, నడుములు ఇరుగుతున్నయ్, కురుపు పోయిందా?" అని వాడంతా ఆమె మీద పడింది. పెద్దమ్మ అందరితో కయ్యం పెట్టుకుంది. అమ్మకు మోకాలి కింద పొక్కు లేచినప్పుడు మాత్రం కయ్యాలన్నీ మాని చెల్లెలి మంచం పక్కనే కూర్చుంది. దేవుడి దయ, ఈసారి పురుగు తెగకుండా మొత్తం వచ్చింది.

ఆ పై ఎండాకాలం. నీళ్లు తగ్గి చెరువు తూము దగ్గర మడుగులా ఉంది. పొద్దెక్కుతుండగా ఊరి బయట మోటారు చప్పుడు. ఈసారి నిజంగా పోలీసు లారీయే, సంఘపోళ్ల కోసం. "ఉరుకుండ్రి!" అన్నారెవరో. అందరూ ఉరికారు. పెద్దమ్మ పరిగెత్తుతూ చెల్లెలి కోసం వెనక్కి తిరిగి చూసింది. లేదు. ముందుకు చూస్తే, అల్లంత దూరంలో, చీర మోకాళ్ల పైకి దోపుకుని, కాశయ్య తాతను కూడా దాటి ఉరుకుతోంది మా అమ్మ.

పోలీసులు ఇల్లిల్లూ వెతికారు. వాడలో మనిషన్నవాడు లేడు. ముసలి పోశమ్మ కూడా మడుగులోనే ఉంది. పెద్దమ్మ మెడలోతు నీళ్లలో నిలబడి చుట్టూ ఒక్కొక్క తలా చూసుకుంది. ఆనాడు కొట్టాల్లో దాచిన ఉరకలేనివాళ్లంతా అక్కడే ఉన్నారు. ఆమెకు ఏడుపు ఆగలేదు. భయంతో ఏడుస్తోందనుకుని కాశయ్య తాత ఆమె నోరు గట్టిగా మూశాడు.