అప్పలస్వామి బాబాయి సరిచేసిన గాలి జాకెట్

కిందటి మంగళవారం ఉదయం డ్యూటీకి బయలుదేరుతుంటే సరోజిని పిన్ని ఫోను చేసి, "మీ బాబాయి వెళ్లిపోయారే" అంది. ఊపిరితిత్తుల జబ్బుతో మూడు నెలలుగా మంచం పట్టిన మనిషి, ఎదురుచూస్తున్న వార్తే. అయినా గుమ్మంలోనే కూర్చుండిపోయాను. రైలు బోగీల్లో బెర్తులకు రెగ్జిన్ కుట్టి రిటైరైన కార్మికుడిగా అప్పలస్వామి గారిని బిలాస్‌పూర్ తెలుగువారు ఎరుగుదురు. నా ప్రాణానికి పూచీపడిన మహనీయుడిగా ఎరిగినదాన్ని నేను. ఆ సంగతి నలుగురికీ చెప్పడం నా ధర్మం.

నేను విపత్తు సహాయ దళంలో డైవర్‌ని. చెరువుల్లోనూ జలాశయాల్లోనూ మునిగిపోయినవారిని వెలికితీయడం మా పని. బతికుండగా చేతికి దొరికేవారు బహు అరుదు. నీటిలో మమ్మల్ని కావలసిన లోతులో నిలబెట్టేది, సిలిండరును వీపున మోసేది ఒక గాలి జాకెట్. మాకు వచ్చినవన్నీ ఆజానుబాహులైన మగవారి కొలతలవి. నేను నాలుగడుగుల పది అంగుళాల మనిషిని. ఒకసారి పాత రాతిక్వారీ నీటిలో గాలి నింపగానే జాకెట్ చెవులదాకా ఎగదన్నింది. సిలిండరు పక్కకు ఒరిగి నన్ను బోర్లా తిప్పేసింది. నాతో జతగా దిగిన డైవరు, నా జోడీ, పట్టి లాగకపోతే ఆ రోజు ఇద్దరి శవాలు తీయవలసి వచ్చేది.

నాన్నతో ఒకే డిపోలో పనిచేసిన ఆత్మీయుడు కనుక, ఆ జాకెట్ పట్టుకుని ఊళ్లోనే మంగ్లా పేటలోని బాబాయి ఇంటికి వెళ్లాను. ఆయన దాన్ని నాకు తొడిగి, చుట్టూ రెండుసార్లు తిరిగి చూశారు.

"ఏటమ్మా ఇది, నీలాటోళ్లు ఇద్దరు పడతారు ఇందులో."

"ఇంతకంటే చిన్నది లేదన్నారు బాబాయి. సర్దుకోవాలట."

"సామానుకి మనిషి సర్దుకోడమేటి? మనిషికే సామాను సర్దాల."

వెంటనే కత్తెర పట్టలేదు. మా అధికారి అనుమతి తెమ్మన్నారు. తెచ్చాక వారం రోజులు ఆ జాకెట్‌ను చదివారనే చెప్పాలి. లోపల గాలి నిలిచే సంచి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తడిమి, సుద్దతో గీసుకుని, ఆ గీత లోపలికి సూది పోనివ్వలేదు. భుజాల పట్టీలు కురచ చేశారు. నడుం పట్టీని లోపలికి జరిపారు. జాకెట్ పైకి ఎగదన్నకుండా కాళ్ల మధ్య నుంచి వెళ్లే కొత్త పట్టీ కుట్టారు. నూలు దారం నీళ్లలో చీకిపోతుందని నైలాన్ దారమే వాడారు. ఆపద వస్తే ఒక్క లాగుతో ఊడే కట్లను మాత్రం ముట్టుకోలేదు. "తొడగడానికి టైముంటది, ఇప్పడానికి ఉండదు" అనేవారు.

ఈతకొలనులో పరీక్షించిన రోజు గట్టున కూర్చుని నాలుగుసార్లు పైకి పిలిచి, నాలుగుసార్లు పట్టీ సరిచేశారు. అయిదోసారి విసుగుపుట్టి "సరిపోయింది బాబాయి" అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "మొగమాటానికి సెప్పకు. తేడా వస్తే నేను కోర్టుకెళ్తాను, నువ్వు కాటికెళ్తావు." ఆ కోపం కఠోరమే. కానీ ఆ తరువాత ఏ నీటిలోనూ నా జాకెట్ జారలేదు.

మూడేళ్ల కిందట కర్గీ రోడ్ స్టేషను అవతలి జలాశయంలో ఒక యువకుడు మునిగాడని కబురొచ్చింది. అక్కడికి వెళ్లాకే తెలిసింది, అతడు బాబాయి ఏకైక కుమారుడు రమేశ్ అని. స్నేహితులతో వచ్చి, రాతి మీద కాలు జారి పడ్డాడు. అప్పటికే బాబాయి గట్టున నిలబడి ఉన్నారు. నేను జాకెట్ తొడుక్కుంటుంటే దగ్గరికొచ్చి పట్టీలు పట్టుకున్నారు.

"మీరు కూర్చోండి బాబాయి. మావాళ్లు చూస్తారు."

"ఆడికింక నేనేటీ సెయ్యలేను. నీకు సెయ్యగలను. సేతులు పైకెత్తు."

ఒక్కొక్క కట్టూ లాగి చూశారు. నీటి అడుగున రమేశ్ చొక్కా నా చేతికి తగిలిన క్షణాన్ని వర్ణించడానికి నాకు భాష చాలదు. ఒడ్డుకు చేర్చాక బాబాయి ముందు నా వైపే వచ్చారు.

"ఎక్కడైనా జారిందా?"

"లేదు బాబాయి."

"అచ్ఛా" అని, అప్పుడు వెళ్లి కొడుకు పక్కన కూర్చున్నారు.

కర్మకాండ ముగిసిన మర్నాడే మా దళంలోని ఇంకొకరి జాకెట్ ముందేసుకున్నారు. దాని కోసం పిన్ని ఆయనతో చాలా కాలం మాట్లాడలేదు. బిడ్డను మింగిన నీళ్ల పని ఇంట్లోకి తేవద్దని ఏడ్చింది. ఆయన మానలేదు. ఆ దుఃఖంలో ఎవరిది న్యాయమో తేల్చే అర్హత నాకు లేదు. ఆఖరి రోజుల్లో ఆయనకు అన్నం తినిపించింది మాత్రం ఆమె చేతులే.

బాబాయి దహనమైన మూడో రోజున తఖత్‌పూర్ వైపు ఒక ఆనకట్ట దగ్గర ఒకతను మునిగాడని పిలుపు వచ్చింది. నా జోడీ సెలవులో ఉన్నాడు. ఉన్నది పుష్ప ఒక్కతే, కొత్తగా చేరిన పిల్ల, నాకంటే పొట్టి. ఆమె జాకెట్ సరిచేసేలోగా బాబాయి మంచం పట్టారు. గట్టున తొడిగి చూస్తే భుజాల నుంచి జారిపోతోంది. వేరేవారికి ఇచ్చి కుట్టించవచ్చు. కానీ ఆ సుద్దగీత ఎక్కడ గీయాలో ఎవరికి తెలుసు? ఆమెను దిగనివ్వలేదు. ఒంటరిగా దిగకూడదన్నది నియమం కనుక నేనూ దిగలేదు. రాయపూర్ దళం వచ్చేది మర్నాడే. అంతటి విద్య ఒక మనిషితో ఈ ఊరిని విడిచిపోయిందని నాకు పూర్తిగా అర్థమైంది అప్పుడే. అప్పలస్వామి బాబాయికి నా అశ్రునివాళి ఈ నాలుగు మాటలే.

ఆ రోజు ఆనకట్ట దగ్గర, మునిగినవాడి తల్లి నీళ్ల ఒడ్డునే కూర్చుని ఉంది. లేచి నా దగ్గరికొచ్చి, ఎందుకు దిగడం లేదమ్మా అని ఛత్తీస్‌గఢీలో అడిగింది. మా బాబాయి పోయారు అన్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, ఊరుకో అంది.