హార్డ్ డిస్క్‌లో మా ఆయన గొంతు

మా ఆయన ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటుండగా, ఆయన గొంతు ఎలా ఉండేదో నాకు ఉన్నట్టుండి గుర్తుకు రాలేదు. మాటలు గుర్తున్నాయి. ఏ మాట ఏ సందర్భంలో అన్నారో కూడా గుర్తుంది. ఆ మాటలు చెవిలో మోగడం మాత్రం ఆగిపోయింది. పోయినవాళ్ల గొంతు మర్చిపోతారని విన్నాను గానీ, చట్నీ చాల్లేదని గిన్నె చూపిస్తూ ఎదురుగా కూర్చున్న మనిషిది మర్చిపోవడమేమిటి? నా మీద నాకే ఒళ్లు మండింది.

అంతకు రెండేళ్ల ముందు ఆయన గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు ప్రాణం నిలిపారు, స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గర ఊపిరి తీసుకోవడానికి చిన్న రంధ్రం, దాని మీద నేను కుట్టిన పల్చటి తెల్లగుడ్డ. చెప్పాల్సిందేదైనా పలక మీద రాస్తారు. స్కెచ్ పెన్నుతో రాసే తెల్లబోర్డు కొనిస్తే వద్దన్నారు. బలపమైతే కోపమొచ్చినప్పుడు గట్టిగా నొక్కొచ్చట.

విశాఖ స్టీల్ ప్లాంటులో క్రేన్ల కింద నిలబడి పని చేయించిన మనిషి ఆయన. ఆ రొదలో అరిచి అరిచి అలవాటై, ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరికి వినపడేది. మా ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాలకి దగ్గర. గూడ్సుబండి వెళ్తుంటే మా వీధిలో అందరూ మాట మధ్యలో ఆపి, బండి దాటాక మళ్లీ అందుకుంటారు. ఆయన ఎప్పుడూ ఆపలేదు. మా పుట్టింటివాళ్లది కృష్ణా జిల్లా. మా నాన్న పోర్టులో ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. పెళ్లైన కొత్తలో ఈయన ఇక్కడి యాసలో "నాను వత్తన్నాను" అంటే, "నాను ఎవరండీ, మీ అన్నగారా?" అని ఏడిపించేదాన్ని. "ఏటే, ఎటకారమా?" అనేవారు.

ఆ గొంతు ఎక్కడైనా మిగిలుందేమోనని వెతకడం మొదలుపెట్టాను. ఆయన ఫోను ఆపరేషన్ తర్వాత కొన్నది. చుట్టాల పెళ్లి వీడియోలు చూస్తే, మనుషుల మాటలు వినపడకుండా మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలే పోసేశారు. ఇక ఉన్నదల్లా ఒక హార్డ్ డిస్క్. గాజువాకలో ఉండే మా అమ్మాయి, మా పాత ఫోన్లు నిండినప్పుడల్లా అందులోవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేది. ఆ కంప్యూటర్ మొత్తానికీ బ్యాకప్ తీసి, అరచేతిలో ఇమిడే ఆ నల్లపెట్టెలో పెట్టింది. కంప్యూటరు ఉప్పుగాలికి ఎప్పుడో పాడైపోయింది. అందుకని డిస్క్‌నైనా కాపాడదామని బీరువాలో పట్టుచీరల మధ్య, కలరా ఉండల పక్కన దాచాను. విశాఖలో ఇనుముకి గాలి తగలకూడదన్న జ్ఞానం ఒక్కటే నాకున్నది. ఒకసారి పేరంటానికి వెళ్తూ అడుగునున్న చీర లాగితే ఆ పెట్టె వచ్చి గచ్చు మీద పడింది. అప్పుడు చీర నలిగిందేమోనని చూసుకున్నాను గానీ దాని సంగతి పట్టించుకోలేదు. ఇప్పుడు అమ్మాయి లాప్‌టాప్‌కి తగిలిస్తే లోపల టక్కుటక్కుమని చప్పుడు, తెర మీద ఏమీ లేదు.

అమ్మాయే వాకబు చేసి వన్‌టౌన్‌లో ఒక దుకాణం చెప్పింది. నేనూ ఆయనా ఆటోలో వెళ్లాం. పాత ఫొటోల కోసమని ఆయనకి చెప్పాను. అసలు సంగతి చెప్తే ఆటో ఎక్కేవారు కాదు. దుకాణం యజమాని మా వయసు ముస్లిం పెద్దమనిషి, వాళ్ల నాన్నగారి కాలంలో అది గడియారాల కొట్టట. డిస్క్‌ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, తన మిషన్‌కి తగిలించి చాలాసేపు చూశాడు.

"పడిపోనాదా అక్కా?"

"పడలేదు. నేనే పడేశాను."

"లోపల పళ్లెం లాటిది ఒకటి తిరుగుతాది. దాని మీద గీత పడీసింది. పైగా మీ అమ్మాయి బ్యాకప్‌ని అంతా కలిపి ఒకటే మూట కట్టీసింది. మూట మద్దిలో సిరిగిపోతే ముడి ఇప్పినా ఏటీ రాదు. ముక్కలు ఏరుకోవాల. పేర్లుండవు, తారీకులుండవు, సగం తెరుసుకోవు. గ్యారంటీ అడగొద్దు, తర్వాత నామీద గుస్సా అవ్వొద్దు. ముందు ఏటి తియ్యమంటారో సెప్పండి. ఫొటోలా, కాయితాలా, వీడియోలా?"

ఫొటోలు అని చెప్దామనే నోరు తెరిచాను. ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు.

"మా ఆయన గొంతు" అన్నాను.

భాయ్ ఒకసారి ఆయన మెడ మీది గుడ్డ వైపు చూసి, "అయితే వీడియోలే ముందు సూత్తాను" అని చీటీ రాసిచ్చాడు. మా ఆయన రోడ్డు వైపు తిరిగి, పోయే లారీలను చూస్తూ నిలబడ్డారు. తిరుగు ప్రయాణంలో సంచిలోంచి పలక తియ్యలేదు. ఆటోవాడి ఎఫ్‌ఎం మాత్రం మా ఇద్దరి బదులూ మాట్లాడుతూనే ఉంది.

కొన్ని వారాలకి భాయ్ కొత్త డిస్క్‌లో వేసిచ్చాడు. వేల ఫైళ్లు, అన్నిటికీ పేర్ల బదులు అంకెలే. అమ్మాయి తన లాప్‌టాప్ మా దగ్గర వదిలి, ఎలా తెరవాలో నేర్పి వెళ్లింది. రోజూ భోజనాలయ్యాక కూర్చునేదాన్ని. గ్యాస్ బిల్లు ఫొటో. గోడ. నా బొటనవేలు. చుట్టాలు పంపిన శుభోదయం పువ్వులు ఏ గీతా తగలకుండా నిక్షేపంగా వచ్చాయి. వీడియో అని ఆశపడి నొక్కితే తెరుచుకోదు. తెరుచుకున్నవాటిలో మా అమ్మాయి కాలేజీ డాన్సులు, ఎదురింటి వాళ్ల కుక్క. ఆయన అటు రారు, పెరట్లో కరివేపాకు మొక్కకి నీళ్లు పోస్తూనే ఉంటారు. ఆ నీళ్లకి అది చచ్చిపోకపోవడం వింత.

ఒక మధ్యాహ్నం ఒక ఫైలు తెరిస్తే బొమ్మ రాలేదు. తెరంతా బూడిద రంగు, పైన సన్నగా ఆకాశం ముక్క. కాకులు, జనం, పడవల ఇంజన్లు. ఫిషింగ్ హార్బర్ అని అర్థమైంది. అంతలో ఇల్లు దద్దరిల్లింది.

"సూడండి బాబూ సూడండి! మా ఇంటావిడ వంజరం బేరం సేత్తంది! సేప ఎప్పుడో సచ్చిపోనాది, అమ్మీ మనిసి సగం సచ్చిపోనాది, ఈవిడ తగ్గదు! ఒలమ్మో, సేపని కొంటాదో, నన్నే ఇక్కడ అమ్మేత్తాదో!"

మా ఆల్బమ్‌లో ఆయన ఒక్క ఫొటోలోనూ ఉండరని, ఎప్పుడూ కెమెరా వెనకే నిలబడతారని ఎన్నోసార్లు దెబ్బలాడాను. ఫోను పట్టుకున్న మనిషి కాబట్టే, అంత సంతలోనూ ఆయన గొంతు అందరికన్నా దగ్గరగా పడింది. కళ్లు మూసుకుంటే నా భుజం మీదుగా మాట్లాడుతున్నట్టే ఉంది. అదే గొంతు. కాస్త జీర, మాట చివర్లో ఒక మెట్టు పైకెక్కే స్వరం. ఎలా మర్చిపోయానా అనిపించింది. గట్టిగానే ఏడ్చేశాను.

కళ్లు తెరిస్తే ఆయన గుమ్మంలో ఉన్నారు. చేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. వినిపించి తప్పు చేశానేమో అనుకున్నాను. ఆపబోతే నా చెయ్యి పట్టుకుని వద్దన్నారు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని మొదట్నుంచీ విన్నారు. తర్వాత తనే వేలితో నొక్కి, వీడియోని చివరికి జరిపారు. అక్కడ ఆయన మాట లేదు. "ఆపండి బాబూ, అందరూ చూస్తున్నారు" అంటూ నేను నవ్వుతున్నాను. ఆపుకోలేక, మధ్యలో ఎక్కిళ్లొచ్చి, మళ్లీ నవ్వుతున్నాను. చేపలమ్మాయి కూడా నవ్వుతోంది. ఆయన మళ్లీ అక్కడికే జరిపారు. మళ్లీ.

నాకు చిరాకేసింది. "అక్కడ మీ మాట లేదండీ. వెనక్కి జరపండి, మీ గొంతు వినాలి" అన్నాను.

ఆయన పలక అందుకుని రాశారు. చేతి తడికి బలపం జారుతోంది.

"నా గొంతు పోయిందని నాకు ఎరికే. నీ నవ్వు ఎటెళ్లిపోనాదో తెలీక రెండేళ్లుగా నాను ఎతుకుతన్నాను."