మా అత్త మరిగించిన మందు

నిన్న ఫ్రిజ్ తుడుస్తుంటే మా ఆయన ఇన్సులిన్ సీసా చేతికి చల్లగా తగిలింది. వెంటనే ధర్మవరం మేనత్త గుర్తొచ్చింది. ఆమె ఉండి ఉంటే, దీన్ని మరిగించినారా అని మొదట అడిగేది. మరిగించడం మీద ఆమెకున్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు.

తొంభైల్లో నేను హిందూపురంలో డిగ్రీ చదివేదాన్ని. సెలవులొస్తే పెనుకొండలో మా ఇంటికని రైలెక్కి, దిగకుండా ధర్మవరం దాకా పోయేదాన్ని. మామ గుంటమగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. అత్త పచ్చిపట్టును సబ్బు, సోడా కలిపిన నీళ్లలో ఉడకబెట్టి జిగురు తీసేది. పీచులా గరుగ్గా ఉండే పట్టు, ఉడికి ఆరేసరికి పసిపిల్ల జుట్టులా మెత్తగా అయ్యేది. ఇక ఆమె దేన్ని వదిలేది? పాలు, నీళ్లు, మామ బనియన్లు, ఒకసారి నా ప్లాస్టిక్ దువ్వెన కూడా. అది వంకర తిరిగిపోతే, నాసిరకం కొన్నావని నన్నే తిట్టింది మహాతల్లి!

మామకు చక్కెర జబ్బు. ఆ ఏడు కాలి బొటనవేలికి పుండు పడి ఎంతకీ మానలేదు. డాక్టరు ఇన్సులిన్ పెంచుతూనే పోయాడు, చక్కెర మాత్రం దిగలేదు. చివరికి వేలు తీసెయ్యాల్సి రావచ్చన్నాడు. మగ్గం తొక్కే మనిషికి కాలే కదా బతుకు. ఎప్పుడూ నన్ను ఆటపట్టించే మామ, నేను పోయేసరికి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున వంటింట్లోకి పోతే, గిన్నెలో గాజు సిరంజితో పాటు మందుసీసా కూడా ఉడుకుతోంది. ఎన్నాళ్లనుంచి అంటే, మొదటినుంచీ అంది గర్వంగా. సీసా వెలుతురుకెత్తి చూస్తే లోపల తెల్లటి నలకలు.

చదివిన చదువంతా కూడగట్టుకుని చెప్పాను. పట్టూ ప్రొటీనే, ఈ మందూ ప్రొటీనే. పట్టుపోగులో గొలుసులు పక్కపక్కనే బిగిసి ఉంటాయి కాబట్టి ఉడుకుకు తట్టుకుంటాయి, పైజిగురు మాత్రం పోతుంది. ఇన్సులిన్ గొలుసులు ఒక తీరుగా మడతపడి ఉంటేనే ఒంట్లో పట్టుకోవాల్సిన చోట పట్టుకుంటాయి. మరిగించేకొద్దీ ఆ మడత చెడిపోతుంది. అత్త మూలనుంచి చిక్కుపడిన పట్టు తెచ్చి నా ముందర పెట్టింది.

"దీంట్లో ఒక్క పోగూ తగ్గలే. అయినా మగ్గమెక్కదు. ఇట్లేనా పాపా?"

అచ్చం ఇట్లే అన్నాను. మా లెక్చరర్లు కూడా అంత బాగా చెప్పలేదు. అంతలో ఆమె ముఖం పాలిపోయింది.

"అయితే ఆయన కాలు నేనే పాడు చేసినానా?"

మామ మంచం మీదినుంచే అన్నాడు. "నువ్వేం జేస్తివి? మరిగించమని చెప్పింది నేను గదా."

డాక్టరుకు సంగతి చెప్పి, మోతాదు తగ్గించుకుని, కొత్త సీసాను తడి ఇసుకలో నిలిపిన కుండలో పెట్టాం. రెండు నెలలకు పుండు మానింది, వేలు దక్కింది. మామ మళ్లీ మగ్గం గుంతలోకి దిగాడు. ఆ తర్వాత బతికిన పదేండ్లూ, ఎవరడిగినా మందు మరిగించమనడం తన తెలివితక్కువతనమే అని నవ్వుతూ చెప్పుకున్నాడు.

ఆయన పోయిన నెల రోజులకు అత్త నా పక్కన కూర్చుని మెల్లగా అంది. "మరిగించమని మీ మామ నాకు ఎప్పుడూ చెప్పలే పాపా. నా తప్పు ఆయన నెత్తిన పెట్టుకుంటే ఊరికే ఉండిపోతి. నాకోసమే అట్ల అంటాండావని నాకు తెలుసులే అని ఆయనతో ఒక్కసారన్నా చెప్పలేకపోతి."

నాకు ఏడుపు ఆగలేదు. ఒకే ఇంట్లో పదేండ్లు కలిసి బతికినా, ఆ ఒక్క మాటకు వాళ్లకు పొద్దు చాలలేదు.