దర్జీ తెచ్చిన మందుల సంచి

మా ఆసుపత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లే లేరు. నర్సుల దగ్గర నుంచి నేల తుడిచే ఆయా దాకా అందరికీ ఆమె డేటక్క. ఉచితంగా మందులిచ్చే కిటికీ వెనక ఆమె కూర్చునేది. పక్క కిటికీలో రోగులకు చీటీలు రాసిచ్చేది నేను. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక చెక్క అడ్డు మాత్రమే. అటు నిట్టూరిస్తే ఇటు వినిపిస్తుంది. అందుకే ఆమె గురించి వాళ్లింట్లో వాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసునని నా నమ్మకం.

ఆ పేరు ఊరికే రాలేదు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు తిరగేసి గడువు చూస్తే గాని ఆమెకు తోచదు. ఎవరైనా బిస్కెట్ల పొట్లం తెచ్చి పెడితే, రుచి సంగతి తర్వాత, "ఇవాళే తినేయండి, రేపటికి ఉంచకండి" అనేది. ఒకసారి వాళ్ల అత్తగారు మోకాళ్ల నొప్పులని వచ్చి నా కిటికీ ముందు నిలబడింది. "అమ్మాయ్, నా వయసు కాస్త తగ్గించి రాయి తల్లీ. లేకపోతే మా కోడలు నన్ను కూడా డేటు దాటిందని ఎర్ర డబ్బాలో పడేస్తుంది" అంది. చెక్క అవతల నుంచి డేటక్క, "మీకు దేవుడు డేటే వెయ్యలేదు లెండి అత్తయ్యా, అదే కదా నా బాధ" అంది. వరుసలో ఉన్నవాళ్లందరికంటే గట్టిగా నవ్వింది ఆ అత్తగారే.

ఎర్ర డబ్బాల గది మందుల గదికి వెనక ఉండేది. గడువు దాటిన మాత్రలు, సీసాలు, సూదిమందులు అన్నీ వేరు చేసి, ఎర్ర మూతల డబ్బాల్లో పెట్టి తాళం వేయాలి. పెద్ద గోదాము నుంచి బండి వచ్చినప్పుడు అప్పగిస్తే, అక్కడి నుంచి కొలిమికి తీసుకుపోయి కాల్చేస్తారు. చెత్తకుండీలో వేయకూడదు, కాలవలో పారబోయకూడదు. అయితే ఆ బండి ఎప్పుడొస్తుందో బండికే తెలియదు. డబ్బా మీద డబ్బా పేరుకుపోయి, తలుపు తీస్తే మందుల వాసన మొహాన కొట్టేది.

ఆ గదిలోకి వెళ్లి వచ్చిన రోజు డేటక్క మొహం చూడలేకపోయేవాళ్లం. మేం అడిగే మందులు ఒకటి, పైనుంచి వచ్చేవి ఇంకొకటి. గుండె మాత్రలు కావాలంటే గజ్జి మలాము అట్టపెట్టెల నిండా దిగేది. "ఇటు మందు లేక మనుషులు వట్టి చేతులతో పోతున్నారు, అటు మనుషులు లేక మందు కాలిపోతోంది. మధ్యలో కూర్చుని తేదీలు చూడటానికేనా నేను చదువుకుంది?" అనేది.

ఒక వేసవి ఉదయం కిటికీ దగ్గరకు ఒక ముసలాయన వచ్చాడు. దర్జీ. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చినట్టున్నాడు. రంగురంగుల గుడ్డపేలికలు కలిపి కుట్టిన సంచి ఒకటి కిటికీ చెక్క మీద పెట్టాడు.

"ఇవి మా ఆవిడ మందులమ్మా. ఆవిడ పోయింది. అన్నీ మీరిచ్చినవే. వీటికింకా డేటు ఉంది, చూసుకోండి. లేనివాళ్లకు ఎవరికైనా ఇవ్వండి."

డేటక్క సంచి విప్పి చూసింది. తర్వాత, "తెచ్చి మంచిపని చేశారు బాబాయిగారూ. నేను తీసుకుంటాను. కానీ వేరేవాళ్లకు ఇవ్వలేను. ఒకసారి మా గడప దాటిన మందు మళ్లీ అలమరలోకి రాకూడదు. పారేసేవాటిలోనే కలపాలి" అంది.

"పారేస్తారా?"

"అవునండీ."

"ఒక్కో మాత్ర మింగడానికి ఆవిడ ఎంత అవస్థ పడిందో మీకేం తెలుసు? మిగిలినవాటితో ఇంకొకరైనా కోలుకుంటారు కదా అని తెచ్చాను. పారెయ్యడానికైతే ఇంత దూరం మోసుకురావాలా? మా సందు చివర కాలవ లేదా?"

సంచి తీసుకుని వెనక్కి తిరిగాడు. డేటక్క పిలుస్తూనే ఉంది, ఆయన వినిపించుకోలేదు. వెనక వరుస కదలమని గోల చేస్తోంది.

ఆయన ఇంటికి పోలేదన్న సంగతి కాసేపటికి తెలిసింది. ఒకామె గోధుమరంగు గాజుసీసా పట్టుకుని కిటికీ దగ్గరకు వచ్చి, "మేడం, ఇది మింగాలా, నాలుక కింద పెట్టుకోవాలా?" అని అడిగింది. ఆమె భర్త లారీలకు సరుకు ఎత్తే మనిషి, గుండె జబ్బు. అంతకుముందే వచ్చి ఆ మాత్రలే అడిగితే, నిల్వ లేదు, వచ్చే వారం చూడమని డేటక్కే పంపేసింది.

"ఇది ఎవరిచ్చారమ్మా?"

"బయట షెడ్డు కింద ఒక పెద్దాయన పంచుతున్నాడు. పుణ్యాత్ముడు."

డేటక్క ఆ సీసా చేతిలోకి తీసుకుని, కిటికీ రెక్క దించేసి బయటికి నడిచింది. నేనూ చీటీలు వదిలేసి, ఆ సీసా తెచ్చినామెతో పాటు వెనకాలే వెళ్లాను. షెడ్డు కింద సిమెంటు బల్ల మీద దర్జీ కూర్చుని ఉన్నాడు. ఒడిలో సంచి. చుట్టూ జనం. గుడ్డ కత్తిరించే ముందు కొలత అడిగినట్టు, ఒక్కొక్కరిని జబ్బేమిటో అడిగి మరీ ఇస్తున్నాడు. "నీకేంటి నాయనా, కడుపుబ్బరమా? ఇదిగో, ఇది మా ఆవిడకు బాగా పనిచేసింది."

డేటక్క అందరినీ మాత్రలు తిరిగి ఇచ్చేయమంది. ఎవరూ కదలలేదు. ఒక మనిషి మాత్రం ముందుకొచ్చి, "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మీ వరస. మీ దగ్గర లేవంటారు, ఇచ్చేవాణ్ణి ఇవ్వనివ్వరు" అన్నాడు. ఆ మాట ఆమెకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. తను మా ముందు రోజూ అనుకునే మాటే అది.

ఆమె వెళ్లి దర్జీ పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఈ గాజుసీసా ఇంట్లో ఎక్కడ పెట్టేవారు బాబాయిగారూ?"

"ఎక్కడో మూల పడెయ్యలేదమ్మా. నేను బట్టలు కుట్టే గదిలోనే ఆవిడ మంచం. ఇస్త్రీ బల్లకు ఆనుకుని ఒక చెక్క ఉంది, దాని మీద పెట్టేవాణ్ణి. చెయ్యి చాస్తే అందాలని."

"ఇస్త్రీపెట్టె వేడి తగిలేదా?"

ఆయన సీసా వైపు చూశాడు.

"సీసా మీద ఉండే డేటు, మూత తియ్యకుండా చల్లటి చోట దాచిన మందుకే బాబాయిగారూ. ఈ మాత్రకు వేడి పడదు, గాలి పడదు. బలం పోయినా చూడ్డానికి మాత్రలాగే ఉంటుంది. రేపు ఈమె భర్తకు గుండెలో పట్టేస్తే, ఇది నాలుక కింద పెట్టుకుని తగ్గుతుందని ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపులోనే ప్రాణం పోతుంది."

చుట్టూ మూగినవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. దర్జీ సీసా అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే మా ఆవిడ..." అని ఆగిపోయాడు.

ఆ ప్రశ్న వస్తుందని డేటక్క అనుకున్నట్టు లేదు. ఆమె మెల్లగా అడిగింది. "ఆవిడ ఎలా పోయారు?"

"నిద్రలో. తెల్లారి లేపితే లేవలేదు."

"ఆ పూట ఈ మందు అడిగారా?"

"లేదు."

"అడగనేలేదు. మీరు ఇవ్వనూ లేదు. మరి ఆ పూట ఈ సీసా తప్పేముంది, మీ తప్పేముంది?"

ఆయన టేపు కొసను వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నాడు. తర్వాత లేచి, "నా చేత్తో ఇచ్చాను, నా చేత్తోనే అడుగుతాను" అని జనంలోకి నడిచాడు. డేటక్క మాటకు కదలనివాళ్లు ఆయన చెయ్యి చాస్తే కాదనలేకపోయారు. సీసా తెచ్చినామె మాత్రం అక్కడే నిలబడి, "ఇది పనికిరాదన్నారు సరే. మరి నాకు పనికొచ్చేది ఏది?" అంది.

న్యాయమైన మాట. డేటక్క లోపలికి వచ్చి ఫోను పట్టుకుంది. చుట్టుపక్కల ఉన్న ప్రభుత్వ మందుల గదులన్నింటికీ చేసింది. లేవు, లేవు, లేవు. చివరికి ఒక చోట ఉన్నాయన్నారు. అడిగేవాళ్లు లేక అలమరలో పడి ఉన్నాయట, ఇంకొన్నాళ్లు పోతే అక్కడి ఎర్ర డబ్బాలోకి పోయేవే. అటు నుంచి రోగిని తెస్తున్న అంబులెన్సు డ్రైవరును బతిమాలి, చల్లటి పెట్టెలో పెట్టి తెప్పించింది. సాయంత్రానికి ఆ లారీల మనిషి భార్య చేతిలో మూత తియ్యని సీసా ఉంది.

అంతకుముందు, ఆ మధ్యాహ్నమే, దర్జీ వెనక గదిలోకి వచ్చాడు. "తాళం వేసే ముందు ఇవి డబ్బాలో నేనే వేస్తాను, వెయ్యనిస్తారా?" అని అడిగాడు. బయటివాళ్లు ఆ గదిలోకి రాకూడదు. డేటక్క తలుపు పూర్తిగా తీసింది. ఆయన ఒక్కొక్కటే తీసి చూసి డబ్బాలో వేశాడు. ఆమె తొందరపెట్టలేదు. ఖాళీ అయిన సంచిని దులిపి, మడిచి, ఆయన చేతికే ఇచ్చింది.

ఆయన వెళ్లాక నేనడిగాను. "అక్కా, నువ్వు చెప్పింది నిజమేనా?"

"ఆ ఒక్క పూట మట్టుకు నిజమే. అంతకుముందు నొప్పి వచ్చినప్పుడల్లా ఆ మాత్రలు పనిచేశాయో లేదో నాకు తెలియదు. తెలియనిదాన్ని పట్టుకుని ఆయన్ని జన్మంతా ఏడిపించమంటావా?"

మర్నాడు పెద్ద డాక్టరు గదికి వెళ్లింది. గడువు దగ్గరపడిన మందులను అవి చెల్లే చోటికి ముందే పంపించుకుందామని అడిగింది. ఆయన తల గోక్కుని, "మనకెందుకమ్మా ఈ తద్దినం?" అన్నాడు. అంటూనే ఆ చుట్టుపక్కల డాక్టర్లకు తనే ఫోన్లు చేశాడు. మా గజ్జి మలాము ఎటో వెళ్లింది, ఎక్కడివో గుండె మాత్రలు మా దగ్గరకు వచ్చాయి. గేటు పక్కన, ఇళ్లలో మిగిలిన మందులు వేయడానికి తాళం వేసిన పెట్టె ఒకటి పెట్టించారు. అందులోవి మాత్రం ఎవరికీ ఇవ్వరు, నేరుగా కొలిమికే. చాలామంది పెట్టెలో వేసి ఊరుకోరు. కిటికీ దాకా వచ్చి, అవి ఎవరివో, ఆ మనిషి ఎలా ఉండేవాడో చెప్పి పోతారు. డేటక్క వింటుంది. వరుస గొణుగుతుంది.

గోదాము బండి తర్వాతిసారి వచ్చినప్పుడు డ్రైవరు వెనక గదిలోకి తొంగిచూసి, "ఇంతేనా? దీనికోసం ఇంత దూరం రావాలా?" అని విసుక్కున్నాడు. ఆమె అతనికి తన చేత్తో టీ తెచ్చి ఇచ్చింది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

మొన్నీమధ్య ఆ లారీల మనిషే స్వయంగా కిటికీ దగ్గరకు వచ్చాడు, భార్యను వెంటబెట్టుకుని. సీసా ఎక్కడ పెడుతున్నావని డేటక్క అడిగింది. చెమటకు తడిసిన చొక్కా జేబులోంచి తీసి చూపించాడు.

"అక్కడొద్దు, ఒంటి వేడి తగులుతుంది."

"మరి నెత్తిన పెట్టుకోమంటారా మేడం?"

"మీ ఆవిడ చేతిసంచిలో పెట్టండి."

"అంటే ఆవిడ లేకుండా నేనెక్కడికీ పోకూడదా?"

"పోకండి" అంది డేటక్క, కొత్త సీసా తిప్పి గడువు చూసి, తిన్నగా ఆ భార్య చేతికే ఇస్తూ.